పాత రైలుకట్టను పాత రోడ్డుకట్ట నుంచి వేరుగా గుర్తించడం ఎలా?

పట్టాలు తీసివేసిన పాత రైలుమార్గాల జాడను పల్లె రహదారుల వెంట నడుస్తూ వెతకడం నా వ్యాపకం. ఆవిరి ఇంజన్లకు దారిలో పదేపదే నీళ్లు పట్టవలసి వచ్చేది కనుక ఆ మజిలీల దగ్గర స్టేషన్లు, వాటిని ఆనుకొని చిన్న పట్టణాలు వెలిశాయని, తరువాత వచ్చిన రహదారి చాలాచోట్ల ఆ ఊళ్లనే కలుపుతూ సాగిందని తెలుసు. చిక్కంతా కట్ట దగ్గరే. నూరడుగులకు ఒక అడుగు ఎక్కవలసి వచ్చినా బరువైన గూడ్సు బండికి శ్రమే కాబట్టి, వాలు తక్కువగా, వంపులు విశాలంగా ఉన్న కట్టను రైలుదిగా భావిస్తున్నాను. అయితే చదునైన నేల మీద పాత రోడ్డుకట్టలు కూడా అచ్చం అలాగే ఉంటాయి. పైగా కొన్నిచోట్ల పట్టాలు తీశాక అదే కట్ట మీద రోడ్డు వేశారు (అక్కడ నా ఊహలన్నీ తలకిందులవుతాయి). మిగిలిన కంకరను బట్టి, కల్వర్టుల రాతిపనిని బట్టి తేడా చెప్పవచ్చునా? కట్ట పైభాగపు వెడల్పును కొలిస్తే ఆ మార్గం పట్టాల మధ్య దూరం 1,000 మిల్లీమీటర్లుండే మీటర్ గేజో, 1,435 మిల్లీమీటర్లుండే స్టాండర్డ్ గేజో తేలుతుందా, లేక అంచులు వానకు కోసుకుపోయి ఆ కొలత నమ్మదగనిదవుతుందా? పాత సర్వే పటాల మీద ఆధారపడకుండా, కట్టను చూసే నిర్ధారించే పద్ధతిని అనుభవజ్ఞులెవరైనా వివరించగలరని మనవి.