అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు: అవిసె పంటలో ఈ రెండు మాటలు

ఈ సామెతలోని అదను, పదును ఒకే అర్థమిచ్చే జంటపదాలా, ప్రాస కోసమే రెండూ వచ్చాయా అనే ప్రశ్న ఉంది. నా దృష్టిలో అవి వేరు వేరు మాటలు. అదను కాలానికి చెందినది. పదును నేలకు చెందినది, అంటే విత్తనం మొలవడానికీ వేరు ఆహారం అందుకోవడానికీ చాలినంత తడి. కత్తి పదునుతో ఇక్కడ పని లేదు.

నూనెకూ మందుకూ పనికివచ్చే అవిసె పంటలో ఈ తేడా బాగా తెలుస్తుంది. అవిసె గింజలో సుమారు 40 శాతం నూనె ఉంటుంది. ఆ నూనెలో సాధారణంగా సగానికి పైగా ఉండే ఆల్ఫా లినోలెనిక్ ఆమ్లమే మనం ఒమేగా-3 అని చెప్పుకొనే కొవ్వు. కాయలో గింజ నిండే వారాలు చల్లగా గడిస్తే ఈ ఆమ్లం వాటా పెరుగుతుంది. విత్తడం ఆలస్యమై ఆ దశ ఎండల్లో పడితే గింజ చిన్నబడి, నూనె తగ్గి, ఉన్న నూనెలో కూడా లినోలెనిక్ వాటా పడిపోయి ఓలిక్ ఆమ్లం అనే మరో కొవ్వు వాటా పెరుగుతుంది. ఎంత ఎరువు వేసినా ఈ నష్టం తీరదు. ఇది పూర్తిగా అదనుకు సంబంధించిన విషయం.

మరి ఎరువు ఏ మాట కిందికి వస్తుంది? పదును కిందికే అని నేననుకుంటాను, ఎందుకంటే నేలలో తడి లేనిదే పోషకం వేరును చేరదు. భాస్వరం విషయంలో అవిసె వేళ్లతో కలిసి బతికే శిలీంధ్రాల సాయం కూడా ఉంటుంది. ఆ శిలీంధ్రాలకు ఆశ్రయమివ్వని ఆవాల పంట తరువాత అవిసె వేస్తే మొక్క తొలిదశలో భాస్వరానికి ఇబ్బంది పడుతుంది. గంధకం లోపించినా గింజ దిగుబడి తగ్గుతుంది.

నత్రజని సంగతి మరింత ఆసక్తికరం. తగు మోతాదులో అది కొమ్మలనూ కాయలనూ పెంచుతుంది. మోతాదు మించితే గింజలో మాంసకృత్తులు పెరిగి నూనె శాతం తగ్గుతుంది, కాండం వాలిపోతుంది, కోత ఆలస్యమవుతుంది. పైరు అంటే నేలమీద నిలిచిన పచ్చని చేను, పంట అంటే చేతికొచ్చిన ఫలం అని తేడా పాటిస్తే, అతి నత్రజని ఇచ్చేది పైరునే గాని పంటను కాదు. సామెత కట్టినవారు ఇంత దూరం ఆలోచించి పైరు అన్నారని నేననను, కాని మాట మాత్రం అతికినట్టు సరిపోయింది.

ఆ రెండు మాటలకూ ముడి కూడా ఇక్కడే ఉంది. సకాలంలో విత్తిన అవిసెకు నత్రజని ఎక్కువైతే పక్వదశ వెనక్కి జరిగి, గింజ నిండే రోజులు చల్లని వేళను దాటిపోవచ్చు. అంటే పదును దగ్గర చేసిన పొరపాటు అదనునే తప్పిస్తుంది. ఒకటి తప్పితే రెండోది దెబ్బతింటుంది గాని రెండూ ఒకటి కావు, అందువల్ల ఏ నిఘంటువులోనైనా ఈ రెంటినీ పర్యాయపదాలుగా ఇవ్వడం నాకు సమ్మతం కాదు.