అప్‌డేట్: హోంవర్క్ టైమ్‌కి కడుపునొప్పి (నాలుగో తరగతి, వైజాగ్)

రెండు నెలల కిందట ఇక్కడే అడిగాను: మా బాబు పుస్తకం తీస్తే చాలు కడుపునొప్పి అంటున్నాడు, హోంవర్క్ రాత్రి పదిన్నర దాకా తెమలడం లేదు, ఏం చేయాలని. జవాబిచ్చిన అందరికీ థాంక్స్.

ముందు అక్కరకు రానివి చెప్పేస్తాను. నులిపురుగుల మందు, కళ్ల పరీక్ష రెండూ అయ్యాయి, తేడా లేదు. మా అత్తగారు దిష్టి కూడా తీశారు. పిల్లల డాక్టరు పొట్ట నొక్కి చూసి, ఆదివారం నొప్పి వస్తుందా అని అడిగారు. రాదు! అది మేమెప్పుడూ గమనించలేదు. ఈ వయసుకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలి, మీవాడికి ఎనిమిది కూడా లేదన్నారు.

పనిచేసింది మాత్రం 'ఎంతసేపు పడుతోందో వారం రోజులు రాసి చూడండి' అన్న సలహా. బడి హోంవర్క్ నలభై నిమిషాలే. ట్యూషన్‌లో ఇచ్చేది గంటన్నర పైనే, అదీ రాసిందే మూడేసిసార్లు ఎత్తిరాయడం. డబ్బు కట్టి మరీ తెచ్చుకున్న టెన్షన్ అన్నమాట. ట్యూషన్ మానిపించేశాం.

కేంద్ర ప్రభుత్వ 2020 స్కూల్ బ్యాగ్ పాలసీలో 3 నుంచి 5 తరగతులకి హోంవర్క్ వారానికి గరిష్ఠంగా 2 గంటలే అని ఉంది. అది క్లాస్ టీచర్‌కి చూపిస్తే బడిలోనూ కొంత తగ్గించారు.

ఇప్పుడు సాయంత్రాలు ఆర్కే బీచ్ ఇసుకలో క్రికెట్, తొమ్మిదిన్నరకి నిద్ర. మూడు వారాలుగా నొప్పి ఊసే లేదు. పదమూడో ఎక్కం దగ్గర మాత్రం ఇంకా తడబడుతున్నాడు.