‘క’తో మొదలయ్యే సముద్ర జీవులు ఎనిమిది కావాలి, తెలుగు పేర్లే, రేప్పొద్దునకి

కావలి అక్క:
స్కూళ్ళు తెరిచి రెండు రోజులు కాలేదు అప్పుడే ప్రాజెక్టు అంట. మా పాప ఐదో తరగతి. చీటీలు వేసి తలా ఒక అక్షరం ఇచ్చారు, ఆ అక్షరంతో సముద్ర జీవుల పేర్లు ఎనిమిది రాసి బొమ్మలు అంటించాలి, మా దానికి ‘క’ వచ్చింది. పక్కింటోడికి ‘స’ పడింది, వాడు సముద్రపు గుర్రం సముద్రపు పాము సముద్రపు దోసకాయ అని పది నిమిషాల్లో ముగించి క్రికెట్‌కి పోయాడు, ఇది ఏడుస్తా కూర్చోనుంది. నెట్‌లో కొడితే కటిల్ ఫిష్, కిల్లర్ వేల్, క్రిల్ అని వస్తున్నాయి, ఇంగ్లీషు పేర్లు వద్దన్నారు. నాకు తట్టింది కొరమీను ఒక్కటే. బండేస్తే అరగంటలో సముద్రం, ఒక్క పేరు రాదేందో నాకు.

పాకల బీచ్ బ్యాచ్:
ముందు ఆ కొరమీను కొట్టేయించు అక్కా, అది చెరువు చేప, నీళ్ళు ఇంకిపోతే బురదలో గాలి పీల్చుకుంటా బతికే రకం. కాకి అని రాయించు, ఎండుచేపలు ఆరేసిన కాడ దానికన్నా ఎక్కువ యాడా కనపడదు 😀

తుమ్మలపెంట పిలగాడు:
మాది వేట ఇల్లు అక్కా, నాయన ఇప్పటికీ బోటెక్కుతాడు. ఒకటో నంబరు కానాగంతలు రాయించు, కొంతమంది కనగర్తలు అంటారు. వీపు పచ్చా నీలం కలిసిన రంగు, దాని మీద నల్ల చారలు, పొట్ట వెండి మాదిరి తళతళ, రొమ్ము రెక్క పక్కన ఒక నల్ల మచ్చ ఉంటది, బొమ్మలో ఆ మచ్చ కనపడాలి లేకపోతే మా నాయన ఒప్పుకోడు. రెండోది కవళ్ళు, ఇంగ్లీషులో సార్డిన్ అంటారే అది, ముళ్ళెక్కువని టౌనోళ్ళు కొనరు గానీ పులుసు చేసి మర్నాడు తింటే తెలుస్తది. మూడోది మాత్రం మన దగ్గర చిక్కు, మనం వంజరం అనేదాన్నే పైన కాకినాడ విశాఖ వైపు కోనాం అంటారు.

వైజాగ్‌లో నెల్లూరోడు:
కోనాం గ్యారంటీగా రాయొచ్చు, ఇక్కడ రోజూ వినే మాటే. కొమ్ము కోనాం కూడా ఉంది, మూతి ఈటె లాగా పొడుగ్గా ఉండేది, అది వేరే చేప కాబట్టి నాలుగు అయినట్టే. ఇంకోటి, కానాగంత సైన్సు పేరు రాస్ట్రెల్లిగర్ కానగుర్త, అంటే మన పేరే. రక్తపింజరిని రస్సెల్స్ వైపర్ అంటారు గదా ఆ రస్సెల్, పాట్రిక్ రస్సెల్, వైజాగ్‌లో దొరికిన 200 చేపల బొమ్మలు వేయించి ఇక్కడోళ్ళు పిలిచే పేర్లతోనే 1803లో లండన్‌లో పుస్తకం తెచ్చాడు, తర్వాత 1816లో కువియే అనే ఫ్రెంచాయన సైన్సు పేరు పెట్టేటప్పుడు ఆ మాటే ఉంచేశాడు. పాప ఈ ముక్క చార్టు మీద రాస్తే ‘స’ వాడి దోసకాయ ఎవరూ చూడరు.

తడ నుంచి:
కటిల్ ఫిష్ ఎందుకు తీసేశారు, పేరు మార్చండి అంతే. తమిళోళ్ళు కణవాయ్ అంటారు, మా ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళం కూడా అదే అంటాం. ఒడ్డున తెల్లగా తేలిగ్గా చిన్న పడవ మాదిరి పెంకు దొరుకుద్ది చూడండి, సముద్రపు నురుగు అని మూలికల అంగట్లో అమ్ముతారు, చిలకల పంజరంలో కూడా పెడతారు, అది దీని ఒంట్లో ఎముకే. దీనికి గుండెలు మూడు.

కందుకూరు మాస్టారు:
అమ్మా, అయిదు అయినవి. మిగతా మూడు నేను చెబుతాను. కూర్మము, కర్కాటకము, కంబువు. తాబేలు, పీత, శంఖం అన్నమాట. కచ్చపము అన్నా తాబేలే కనుక దాన్ని విడిగా లెక్క వేయకూడదు. కంబువు అంటే ఒట్టి గుల్ల కాదు, లోపల ఉండే నత్త జాతి జీవి బొమ్మ వేయించండి.

పాకల బీచ్ బ్యాచ్:
మాస్టారూ మీరు నిఘంటువులో వల వేశారు 😂 కూర్మం బొమ్మకి చెరువు తాబేలుని అంటించొద్దు అక్కా, మన ఒడ్డుకొచ్చేది ఆలివ్ రిడ్లే, దానికి కాళ్ళు తెడ్ల మాదిరి ఉంటాయి. చలికాలం చివర్లో రాత్రిపూట వచ్చి ఇసక తవ్వి వందదాకా గుడ్లు పెట్టి పోద్ది. మొన్న ఫిబ్రవరిలో వాకింగ్‌కి పోతే మూడు చచ్చిపోయి కొట్టుకొచ్చి ఉన్నాయి, వలలో ఇరుక్కుంటే పైకొచ్చి గాలి పీల్చుకోలేవు పాపం.

కావలి అక్క:
ఎనిమిదీ అయిపోయాయి, అందరికీ థాంక్స్. ఏడుపాపింది గానీ ఇప్పుడు కానాగంత తినాలంట. తమ్ముడూ మీ కాడ రేపు దొరుకుద్దా?

తుమ్మలపెంట పిలగాడు:
ఏప్రిల్ 15 నుంచి వేట నిషేధం గదక్కా, జూన్ 14 అర్ధరాత్రి దాకా మోటారు బోట్లు కదలవు. ఇప్పుడు మార్కెట్లో ఉండేది ఐసు సరుకు, కళ్ళు తెల్లబడుంటే తీసుకోబాక. ఎల్లుండి తెల్లారి గిన్నె తీసుకోని ఒడ్డుకే వచ్చేయ్, పులుసులోకి మామిడికాయ మాత్రం నువ్వే తెచ్చుకో.