పాత పుస్తకాల స్కాన్లు: ఫైలు చిన్నదవ్వాలంటే అక్షరం ఎంత వదులుకోవచ్చు?

లంక_చదువరి:
కోనసీమలో మా ఊరి గ్రంథాలయం పుస్తకాలు స్కాన్ చేస్తున్నాం. 1950కి ముందు అచ్చయిన నాటకాలు, శతకాలు, పంచాంగాలు, వైద్యం పుస్తకాలు ఎక్కువ. కాగితం చెమ్మకు మగ్గిపోయింది, అంచులు ముట్టుకుంటే రాలుతున్నాయి, కొన్నిటికి చెద పట్టింది. ఆలస్యం చేసే వీల్లేదు. పని చేస్తున్నవాళ్ళకి ఒక్క విషయం దగ్గరే మాట కుదరడం లేదు. పీడీఎఫ్ ఎంత సైజులో బయటపెట్టాలి?

300 పేజీల పుస్తకం రంగుల్లో తీస్తే 400 ఎంబీ దాకా వస్తోంది. దాన్నే నలుపు తెలుపు చేసి గట్టిగా కుదిస్తే 4 ఎంబీకి దిగుతోంది. ఫోన్‌లో చూస్తే హాయిగా చదవగలుగుతున్నాం కూడా. నేను 4 ఎంబీ వైపే ఉన్నాను. ఈ పుస్తకాలు అడిగేది ఎవరు? మా నాన్నగారి వయసు వాళ్ళు, హరికథలు చెప్పేవాళ్ళు, పాత నాటకాల పద్యాలు పాడుకునేవాళ్ళు. వాళ్ళ ఫోన్లు మనవల వీడియోలతో నిండిపోయి ఉంటాయి. వాట్సాప్ 2022లో ఫైలు పరిమితిని 100 ఎంబీ నుంచి 2 జీబీకి పెంచింది గానీ, 400 ఎంబీ పుస్తకం పంపితే వాళ్ళు దాన్ని దింపుకోరు.

ఇంకో కారణం గోదావరి డెల్టాలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు. 1986 ఆగస్టు వరద, 1996 నవంబరు తుపాను, మళ్ళీ 2022 జూలైలో లంకల్లోకి నీళ్ళు. ఒక్కచోట పెట్టింది ఒక్కపూటలో పోతుంది. చిన్న ఫైలయితే వెయ్యి ఫోన్లలో ఉంటుంది. పెద్ద ఫైలు ఒక హార్డ్ డిస్కులో, ఆ డిస్కు ఒక బీరువాలో ఉంటుంది. ఏది బతుకుతుందో మీరే చెప్పండి.

కాకినాడ_ముద్రణ:
చదువరి గారూ, ఫైలు చిన్నదవ్వాలన్న మాట నాకూ సమ్మతమే. నా భయమల్లా అది 4 ఎంబీకి ఎలా దిగిందన్నదే.

లెక్క చూడండి. డెమీ 1/8 పేజీ అంటే ఐదున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర ఎత్తు. 300 డీపీఐలో, అంటే అంగుళానికి 300 చుక్కల చొప్పున, 1650 ఇంటూ 2550 పిక్సెళ్ళు, సుమారు 42 లక్షల చుక్కలు. రంగుల్లో చుక్కకి 3 బైట్లు, పేజీకి 12.6 ఎంబీ, 300 పేజీలకి 3.8 జీబీ. ఫొటోల్ని కుదించే జేపెగ్ పద్ధతి దాన్ని పదో వంతుకి తెచ్చింది, అదే మీ 400 ఎంబీ. నలుపు తెలుపులో చుక్కకి ఒక్క బిట్టు చాలు, పేజీ అర ఎంబీకి వస్తుంది. దాన్ని జీ4 పద్ధతిలో కుదించండి. ఫ్యాక్సు కోసం 1984లో ప్రమాణంగా వచ్చిన పద్ధతి అది. శుభ్రంగా ఉన్న పేజీ 40 కేబీ అటూఇటూగా ఆగుతుంది, పుస్తకం మొత్తం 12 ఎంబీ. జీ4 ఒక్క చుక్కని కూడా మార్చదు, విప్పితే పెట్టింది పెట్టినట్టు వస్తుంది.

మీది పేజీకి 14 కేబీ కూడా లేదు. జేబిగ్-2 అనే ఇంకో కుదింపు పద్ధతి వాడి, అందులో లాసీ ఆప్షన్ (కొంత పోయినా సరే చిన్నది చేసేది) ఆన్ చేసి ఉంటారని నా అనుమానం. జేబిగ్-2 పేజీలో ఒకే ఆకారం ఎక్కడెక్కడ ఉందో వెతుకుతుంది. ఒక 'క' బొమ్మని ఒక్కసారి దాచి, అచ్చాఫీసులో కంపోజిటర్ అక్షరాల పెట్టెలోంచి అక్షరం తీసి పేర్చినట్టు, మిగతా 'క'ల చోట్లన్నిటా దాన్నే పెడుతుంది. అచ్చంగా ఒకేలా ఉన్నవాటికే అలా చేస్తే నష్టం లేదు. లాసీలో మాత్రం దాదాపు ఒకేలా ఉన్నవాటిని కూడా కలిపేస్తుంది. అక్కడే కొంప మునుగుతుంది.

2013లో డేవిడ్ క్రీజెల్ అనే జర్మన్ పరిశోధకుడు బయటపెట్టిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. జెరాక్స్ యంత్రంలో ఇంటి ప్లాను స్కాన్ చేస్తే, వేర్వేరు విస్తీర్ణాలున్న మూడు గదులకీ ఒకే అంకె వచ్చింది. ఇంకో కాగితంలో 6 ఉండాల్సిన చోట 8 పడింది. కారణం ఈ పద్ధతే. జేపెగ్ ఎక్కువగా కుదిస్తే అక్షరం మసకబారుతుంది, చూసినవాడికి అనుమానం వస్తుంది. ఇక్కడ తప్పు అక్షరం కూడా నిగనిగలాడుతూ కనిపిస్తుంది. ఎవరికీ అనుమానం రాదు.

ఇంగ్లీషు అంకెలకే ఇలా అయితే మన ద, ధ సంగతేంటి? బ, భ? ప, ష? చిన్న గీతే కదా తేడా.

ద్రాక్షారామం_మేష్టారు:
ముద్రణ వారు చెప్పింది అక్షరాలా నిజం. దానికి తోడు నేను రోజూ చూసే ఇంకో నష్టం ఉంది. స్కాన్ చేసినవాళ్ళు పేజీ శుభ్రం చేస్తామని మచ్చలు తీసే ఆప్షన్ పెడతారు. ఇంగ్లీషులో మామూలుగా ఫుల్‌స్టాప్ కంటే చిన్నది ఏదున్నా మురికే. మనకి అలా కాదు. థ పొట్టలో చుక్క ఉంటుంది, ఠలోనూ ఉంటుంది. ఆ చుక్క అక్షరానికి అంటుకోకుండా విడిగా ఉంటుంది కాబట్టి, సాఫ్ట్‌వేర్ దాన్ని మచ్చ అనుకుని తుడిచేస్తుంది. పాత పుస్తకాల్లో అరసున్నల గతీ అంతే. ఏఁడు అంటే సంవత్సరం, ఏడు అంటే అంకె. ఆ చిన్న వంపు పోయాక పద్యానికి అర్థం ఎలా చెప్పుకోవాలి?

పంచాంగాలు, వైద్యం పుస్తకాలు ఉన్నాయన్నారు. వాటిలో తెలుగు అంకెలుంటాయి. ౨, ౩ పక్కపక్కన పెట్టి చూడండి, తేడా ఎంతుందో. తిథి ఘడియలు తప్పితే పాత సంవత్సరమే కదా అని ఊరుకోవచ్చు. మందు మోతాదు తప్పితే?

కాకినాడలో ఆంధ్ర సాహిత్య పరిషత్తు పూనుకుని శ్రీ సూర్యరాయాంధ్ర నిఘంటువు తయారుచేసింది. అరసున్న, బండిర (ఱ) ఎక్కడుండాలో మాట మాటకీ తేల్చిన పని అది. అలాంటి చోట పుట్టి మనం ఫైలు సైజు కోసం అరసున్నలు తుడిచేస్తామంటే నాకు మనసు ఒప్పదు.

లంక_చదువరి:
మేష్టారూ, మోతాదు మాట విన్నాక నేనేమీ వాదించను. వైద్యం పుస్తకాలకి లాసీ వద్దు. మచ్చలు తీసే ఆప్షన్ కూడా ఈరోజే ఆపేయిస్తాను.

కానీ నా రెండో మాటకి ఎవరూ జవాబివ్వలేదు. ప్రతుల సంగతి. పాత పుస్తకాల స్కాన్లు ఆన్‌లైన్‌లో పెట్టిన డిజిటల్ లైబ్రరీ ఆఫ్ ఇండియా ఏమైందో చూశాం కదా. కంప్యూటర్ శాస్త్రవేత్త రాజ్ రెడ్డి గారి మిలియన్ బుక్ ప్రాజెక్టుతో ముడిపడి 2000ల్లో మొదలైంది, వేల తెలుగు పుస్తకాలు అందులోకి వెళ్ళాయి. తర్వాత ఆ సైటు అందకుండా పోయింది. ఇవాళ మనం ఆ పుస్తకాలు చదువుతున్నామంటే, ఎవరెవరో ఓపిగ్గా దింపుకుని ఇంటర్నెట్ ఆర్కైవ్ అనే ఉచిత ఆన్‌లైన్ గ్రంథాలయంలో పెట్టబట్టే. అవి నలుపు తెలుపులో ఉండి, మోయగలిగే సైజులో ఉండబట్టే ఆ పని జరిగింది. ఒక్కోటీ 400 ఎంబీ అయితే ఎవరు మోసేవారు?

కాకినాడ_ముద్రణ:
మంచి ఉదాహరణ తెచ్చారు. అయితే అవి 600 డీపీఐలో తీసిన నలుపు తెలుపు స్కాన్లు. కుదించింది జీ4తో. అంటే మీరు మెచ్చుకుంటున్న ఆ ఫైళ్ళు చిన్నవయ్యింది రంగు వదులుకుని, అక్షరం ఆకారం వదులుకుని కాదు. నేనడిగేదీ అదే. 12 పాయింట్ అచ్చు 300 డీపీఐలో 50 పిక్సెళ్ళ ఎత్తు వస్తుంది, 600లో 100 వస్తుంది. థలో చుక్క 150 డీపీఐకి దింపితే రెండు మూడు పిక్సెళ్ళు మిగులుతుంది, 600లో దానికి నిండైన ఆకారం ఉంటుంది. డీపీఐ రెట్టింపయితే పిక్సెళ్ళు నాలుగు రెట్లవుతాయి గానీ, జీ4లో ఫైలు నాలుగు రెట్లు కాదు, సుమారు రెండు రెట్లే పెరుగుతుంది. ఎందుకంటే అది లోపలి నలుపుని లెక్కపెట్టదు, అంచులు ఎక్కడ మారుతున్నాయో మాత్రం రాసుకుంటుంది. 600 డీపీఐ నలుపు తెలుపు పుస్తకం చాలాసార్లు 300 డీపీఐ గ్రే (బూడిద ఛాయల) జేపెగ్ కంటే చిన్నదిగానే ఉంటుంది, చదవడానికి దానికంటే స్పష్టంగా ఉంటుంది.

ఒక్క జాగ్రత్త. కాగితం పసుపెక్కి, వెనక పేజీ అచ్చు ఇవతలికి కనబడుతుంటే, నలుపు తెలుపు చేసేటప్పుడు పేజీ అంతా ఇసుక చల్లిన రకంగా గింజలు పడతాయి. గింజలుంటే జీ4 కుదించలేదు, ఫైలు ఉబ్బిపోతుంది. జనం అప్పుడే మచ్చలు తీసే ఆప్షన్ మీదకి పోతారు, మేష్టారు చెప్పిన నష్టం అక్కడ మొదలవుతుంది. మచ్చలు తీయకండి, థ్రెషోల్డ్ (ఎంత ముదురు దాటితే నలుపు అని తేల్చే గీత) సరిచేయండి. పేజీ మొత్తానికి ఒకే గీత పెట్టకుండా, చుట్టుపక్కల కాగితం రంగును బట్టి చోటు చోటుకీ మారే పద్ధతులున్నాయి. ఇంకో చిట్కా కూడా ఉంది. స్కాన్ చేసేటప్పుడు పేజీ వెనక నల్ల కాగితం పెడితే వెనక అచ్చు చాలావరకు కనబడదు.

పాలకొల్లు_కోడ్:
మీరంతా బొమ్మల గురించే మాట్లాడుతున్నారు. ఓసీఆర్ చేసి, అంటే బొమ్మలోని అక్షరాల్ని కంప్యూటర్ చేత చదివించి, టెక్స్ట్ బయటపెడితే ఈ గొడవే లేదు కదండీ. కంప్యూటర్లో తెలుగు దాచే యూనికోడ్‌లో, యూటీఎఫ్-8 అయితే, ఒక్కో సంకేతానికి (అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు ఏదైనా) 3 బైట్లు. పేజీకి 1500 సంకేతాలనుకున్నా 4.5 కేబీ. 300 పేజీల పుస్తకం ఒకటిన్నర ఎంబీ లోపే. జిప్ చేస్తే ఇంకా తక్కువ. ఫోన్‌లో అక్షరాలు ఎంత కావాలంటే అంత పెద్దవి చేసుకోవచ్చు, చూపు ఆనని పెద్దవాళ్ళకి అదే మేలు. టెసరాక్ట్ అనే ఓసీఆర్ సాఫ్ట్‌వేర్ 2005 నుంచి ఉచితంగానే దొరుకుతోంది, తెలుగు కూడా చదువుతుంది.

ద్రాక్షారామం_మేష్టారు:
చదువుతుంది బాబూ, కానీ సీసపు అక్షరాల పాత అచ్చుని ఎలా చదువుతుందో ఒకసారి చూడు. ఒత్తులు ఒక వరసలోవి ఇంకో వరసలోకి పోతాయి. అరసున్న కనబడితే ఏదో ఒకటి ఊహిస్తుంది. తెలుగు వికీసోర్స్‌లో స్కాన్ బొమ్మ ఒక పక్క, టెక్స్ట్ ఒక పక్క పెట్టి మనుషులు దిద్దుతారు. ఆ దిద్దేవాడు బొమ్మనే నమ్ముకోవాలి. బొమ్మలోనే అక్షరం మారిపోతే దిద్దేవాడికి దిక్కెవరు? నువ్వు చెప్పిన దారి మంచిదే, నేనూ దిద్దుతాను. దానికైనా మంచి స్కానే ముందు కావాలి.

యానాం_వాసి:
ఒక ప్రశ్న. నలుపు తెలుపు చేస్తే పెన్సిల్ రాతలు ఏమవుతాయి? మా దగ్గరున్న నాటకం పుస్తకాల్లో పద్యాల పక్కన రాగం పేరు, ఏ పాత్రకి ఎవరు, ఎక్కడ కోత పెట్టాలి అని పాత నటులు రాసుకున్నారు. కొన్నిటి మీద అట్ట లోపల ఊదా సిరాతో బహుమతి రాతలు, రబ్బరు ముద్రలు ఉన్నాయి. మాకు అచ్చు కంటే అవే విలువైనవి.

కాకినాడ_ముద్రణ:
పోతాయండి. పెన్సిల్ గీత బూడిద రంగు కాబట్టి థ్రెషోల్డ్ దాన్ని తెలుపులోకి తోసేస్తుంది. ఊదా ముద్ర సగం సగం మిగులుతుంది.

అలాంటి పుస్తకాలకి పొరల పద్ధతి ఉంది. అక్షరాల ఆకారం మాత్రం ఒక పొరగా పూర్తి స్పష్టతతో దాస్తుంది, కాగితం రంగూ మరకలూ ఇంకో పొరగా తక్కువ స్పష్టతతో దాస్తుంది. 1990ల చివర ఏటీ అండ్ టీ ల్యాబ్స్ వాళ్ళు తెచ్చిన డీజావూ ఇలాగే పనిచేస్తుంది. అది మామూలు ఫోన్లలో నేరుగా తెరుచుకోదు కాబట్టి మనకి పనికిరాదు. పీడీఎఫ్‌లోనే పొరలు పెట్టొచ్చు, ఇంటర్నెట్ ఆర్కైవ్ చేసేది అదే. కానీ పెన్సిల్ రాత వెనక పొరలో పడి మసకబారుతుంది. అందుకని రాతలున్న పేజీలు, అట్ట, వెల ఉన్న పేజీ, ముద్రలున్న పేజీ రంగుల్లో ఉంచి, మిగతావి నలుపు తెలుపు చేయండి. ఒకే పీడీఎఫ్‌లో రెండు రకాల పేజీలూ ఉండొచ్చు. పది పేజీలు రంగుల్లో ఉన్నంత మాత్రాన పుస్తకం మోయలేనంత బరువు కాదు.

లంక_చదువరి:
సరే, ఇంతవరకు నాకు కుదిరింది రాస్తున్నాను. ఫోన్లకి పంపేది 600 డీపీఐ నలుపు తెలుపు, జీ4 గానీ లాస్‌లెస్ (ఏమీ పోని) జేబిగ్-2 గానీ. 20, 25 ఎంబీ అయినా పెద్దవాళ్ళు తెరుస్తారు, ఆ మాట ఒప్పుకుంటున్నాను. మచ్చలు తీయం. రాతలున్న పేజీలు రంగుల్లో ఉంచుతాం.

మరి ఆ 400 ఎంబీ రంగుల స్కాన్లు దాచాలా? డిస్కుల ఖర్చు గ్రంథాలయం మోయలేదు. మాలో కొందరు పీడీఎఫ్ అయ్యాక వాటిని తీసేద్దామంటున్నారు.

కాకినాడ_ముద్రణ:
తీయొద్దు. దయచేసి తీయొద్దు. 400 ఎంబీ చొప్పున 1 టీబీ డిస్కులో రెండువేలకి పైగా పుస్తకాలు పడతాయి. రెండు డిస్కులు చాలు. రేపు ఇంతకంటే మంచి ఓసీఆర్ వస్తుంది, దానికి గ్రే, రంగు బొమ్మలే మేలు. ఒకసారి నలుపు తెలుపు చేసిన పేజీ నుంచి రంగు మళ్ళీ రాదు, ఆ పుస్తకం మళ్ళీ స్కానర్ కింద పెట్టే స్థితిలో ఉండదు. అంచులు రాలుతున్నాయని మీరే రాశారు.

ఒక్కటి మాత్రం గట్టిగా చెబుతాను. రెండు డిస్కులూ డెల్టాలోనే పెట్టకండి. ఒకటి మీ ఊళ్ళో, ఒకటి అమలాపురంలో అంటే వరదకి రెండూ ఒకే దారిలో ఉన్నట్టే. రెండోది హైదరాబాద్‌లోనో విశాఖలోనో మీవాళ్ళ ఇంట్లో ఉండాలి. ఏడాదికోసారి తెరిచి ఫైళ్ళు చదవబడుతున్నాయో లేదో చూడాలి. కాపీరైటు తీరిన పుస్తకాలయితే, అంటే రచయిత పోయాక 60 ఏళ్ళు దాటినవయితే, ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోకి రంగుల స్కానే ఎక్కించండి. చిన్నది వాళ్ళే చేసిపెడతారు.

పాలకొల్లు_కోడ్:
హైదరాబాద్ డిస్కు నా బాధ్యత. పండగకి వచ్చినప్పుడు పట్టుకెళ్తాను. ఫైళ్ళన్నిటికీ చెక్‌సమ్ లెక్కకట్టే స్క్రిప్టు కూడా రాసిస్తాను, ఒక్క బైటు మారినా తెలుస్తుంది.

ద్రాక్షారామం_మేష్టారు:
చదువరి గారూ, అన్నీ తిరగదోడే ముందు వైద్యం పుస్తకంలోవి పది పేజీలు, అరసున్నలు ఎక్కువున్న పద్యకావ్యంలోవి పది పేజీలు, మీ పాత పద్ధతిలోనూ కొత్త పద్ధతిలోనూ తీసి పంపండి. అసలు పుస్తకం కూడా ఎవరిచేతనైనా పంపించండి, లేదా నేనే బస్సెక్కి వస్తాను. మూడూ పక్కపక్కన పెట్టుకుని ప్రతి అక్షరం సరిచూసి, ఎక్కడెక్కడ మారిందో రాసిస్తాను.