ఒక్కరికి వెతికితే ఒక రేటు, నలుగురికి వెతికితే ఇంకో రేటు. ఫ్లైట్ టికెట్లు ఎలా కొనాలి?

చిన్నిఅమ్మ:

అందరికీ నమస్కారం. రెండు వారాలుగా విమానం టికెట్లు వెతుకుతూనే ఉన్నాను, రాత్రిళ్ళు నిద్ర కూడా సరిగా పట్టడం లేదు. మేం నలుగురం: నేను, మా ఆయన, మా అత్తగారు, తొమ్మిదేళ్ళ మా బాబు. విదేశంలో ఉన్న మా ఆడపడుచు దగ్గరికి వెళ్ళి మూడు వారాలు ఉండి రావాలి. నేరుగా వెళ్ళే విమానం లేదు, మధ్యలో ఒకచోట మారాల్సిందే. ప్రయాణానికి ఇంకా మూడు నెలల పైనే టైం ఉంది.

శనివారం రాత్రి పదింటికి ఒక మంచి రేటు కనిపించింది. మా ఆయన్ని ఒక మాట అడిగి బుక్ చేద్దామని గంట ఆగాను. మళ్ళీ చూస్తే తలకింత చొప్పున పెరిగిపోయింది. ఫోన్ మార్చి చూసినా అదే. విచిత్రం ఏమిటంటే ఒక్కరికే అని పెడితే పాత రేటే వస్తోంది, నలుగురికి అనగానే పెరుగుతోంది. నేను మాటిమాటికీ వెతుకుతున్నానని తెలిసి వాళ్ళే పెంచుతున్నారా? మంగళవారం అర్ధరాత్రి కొంటే చవక అని మా ఆఫీసులో అందరూ అంటారు, నిజమేనా? పేరు ఎప్పుడూ వినని ఒక సైట్‌లో అన్నిటికంటే తక్కువ చూపిస్తోంది, అందులో కొనొచ్చా?

మా అత్తగారికి మోకాళ్ళ నొప్పులు. డబ్బు మిగుల్చుకోవాలని ఉంది కానీ ఆవిడ్ని ఎయిర్‌పోర్టుల్లో పరుగులు పెట్టించలేను. తెలిసినవాళ్ళు కాస్త చెప్పండి.

రెక్కలబండి:

స్కైస్కానర్ అని టికెట్ రేట్లు పోల్చే సైట్ ఉంది, అందులో ఒక తేదీ పెట్టకుండా నెల మొత్తం పెట్టి చూడండి, ఏ రోజు తక్కువో ఒకేసారి తెలిసిపోతుంది. గూగుల్ ఫ్లైట్స్‌లో మీ రూట్‌కి ప్రైస్ ట్రాకింగ్ ఆన్ చేసి పెట్టుకుంటే రేటు మారినప్పుడు మెయిల్ వస్తుంది, రోజూ కూర్చుని వెతికే టెన్షన్ ఉండదు. మీరు ముందు వెతికింది సైట్‌కి గుర్తుండకుండా కుకీలు తుడిచేసి, బ్రౌజర్‌లో ఇన్‌కాగ్నిటో పెట్టి వెతకండి. నేనెప్పుడూ అలాగే చేస్తాను.

పాతకౌంటర్:

చిన్నిఅమ్మ గారూ, నేను పదకొండేళ్ళు టికెటింగ్ కౌంటర్‌లో పనిచేశాను. మీ సమస్యకి జవాబు మీ ప్రశ్నలోనే ఉంది. ఒక్కరికి తక్కువ, నలుగురికి ఎక్కువ అన్నారు చూడండి, అసలు విషయం అదే.

విమానంలో ఎకానమీ సీట్లన్నీ చూడటానికి ఒకటే కానీ అమ్మేటప్పుడు ఒకటి కాదు. ఎయిర్‌లైన్ వాటిని అక్షరాల కింద విడగొట్టి పెట్టుకుంటుంది. మా స్క్రీన్ మీద ఒక ఫ్లైట్‌కి ఇలాంటి వరుస కనిపించేది: వై9 బి9 ఎం9 హెచ్4 కె2 ఎల్0. అక్షరం అంటే రేటు తరగతి, పక్కనున్న అంకె ఆ రేటులో ఇంకెన్ని సీట్లు అమ్ముతారన్నది. 9 అంటే తొమ్మిది లేదా అంతకంటే ఎక్కువ. ఏ అక్షరం ఎంత చవకన్నది ఎయిర్‌లైన్‌ని బట్టి మారుతుంది కానీ మామూలుగా వై పూర్తి రేటు. ఈ వరుసలో కుడివైపుకి వెళ్ళేకొద్దీ చవక అనుకోండి. ఎల్ అయిపోయింది, కె లో రెండే మిగిలాయి.

ఇప్పుడు మీరు నలుగురికి అడిగారు. సిస్టం ఇద్దరికి కె, ఇద్దరికి హెచ్ అని మామూలుగా విడగొట్టదు. నలుగురికీ కలిపి సీట్లున్న అక్షరం ఏదో చూసుకుని, అందరికీ హెచ్ రేటు వేసేస్తుంది. కె లో రెండు సీట్లు ఉండి కూడా మీకు దక్కవు. ఇది నేను కౌంటర్‌లో వందల సార్లు చూశాను. తెలియక నిండు కుటుంబాలు ఎక్కువ కట్టి వెళ్ళిపోయేవి, ఇప్పటికీ ఆ సంగతి తలుచుకుంటే బాధేస్తుంది.

అందుకని మీరు ముందు ఒక పని చేయండి. అదే ఫ్లైట్, అవే తేదీలు పెట్టి ఒక్కరికి, ఇద్దరికి, ముగ్గురికి, నలుగురికి వరుసగా వెతకండి. తలకి పడే రేటు ఎక్కడ ఎగిరిందో కాగితం మీద రాసుకోండి. ఇద్దరి దాకా తక్కువే ఉండి ముగ్గురి దగ్గర పెరిగితే, రెండు బుకింగ్‌లుగా కొనండి: ఇద్దరికి చవక రేటు, మిగతా ఇద్దరికి పై రేటు. ఎక్కువ కట్టేది ఇద్దరికే. బాబుని పెద్దవాళ్ళలో ఒకరితో ఒకే బుకింగ్‌లో ఉంచడం మర్చిపోకండి. కొన్నాక ఎయిర్‌లైన్‌కి ఫోన్ చేసి రెండు పీఎన్ఆర్‌లూ ఒకే కుటుంబానివని రెండింట్లోనూ నోట్ పెట్టించండి. ఇందులో ఒక ఇబ్బంది ఉంది, దాచను: ఫ్లైట్ టైం మారినా రద్దయినా సిస్టం రెండు బుకింగ్‌లనీ వేరువేరుగా సర్దుతుంది, ఆ నోట్ ఉన్నా మీరు ఫోన్ పట్టుకుని కూర్చోవాల్సి రావచ్చు. తేడా కొద్దిగానే ఉంటే నలుగురూ ఒకే బుకింగ్‌లో ఉండటమే మేలు.

ఇక శనివారం గంటలో రేటు పెరగడం సంగతి. ఎవరో రెండు సీట్లు కొని ఉంటారు, లేదా ఏదో ఏజెన్సీ సీట్లు పట్టి ఉంచి ఉంటుంది. అలా పట్టి ఉంచినవాటికి గడువులోగా టికెట్ కొట్టకపోతే తిరిగి అమ్మకానికి వచ్చేస్తాయి, అందుకే రెండో రోజుకి పాత రేటు మళ్ళీ కనిపించడం కూడా మామూలే. ఇంకోటి, వెతికే సైట్లు కాసేపటి క్రితం రేట్లని దాచుకుని చూపిస్తాయి. నొక్కి లోపలికి వెళ్ళాకే అసలు రేటు తెలుస్తుంది. రెక్కలబండి గారు చెప్పిన ఇన్‌కాగ్నిటో వల్ల నష్టమేమీ లేదు కానీ మీ విషయంలో కారణం అది కాదు. ఫోన్ మార్చినా రేటు మారలేదని మీరే రాశారు కదా.

మంగళవారం అర్ధరాత్రి దాకా మేలుకోకండి. ఏ రోజు కొంటున్నారన్నదానికంటే ఏ రోజు ఎగురుతున్నారన్నది ముఖ్యం. వారం మధ్యలో బయల్దేరే ఫ్లైట్లు శుక్ర, ఆదివారాల కంటే సాధారణంగా చవక. గూగుల్ ఫ్లైట్స్‌లో తేదీల పట్టిక ఉంటుంది, వెళ్ళే తేదీలు ఒకవైపు, తిరిగొచ్చే తేదీలు ఇంకోవైపు. అది తెరిచి పెట్టుకుని మీ వారం చుట్టూ ఉన్న గళ్ళన్నీ చూడండి. ఒక్క రోజు అటో ఇటో జరిగితే నలుగురి మీద ఎంత తేడా వస్తుందో మీకే కనిపిస్తుంది. చివరి నిమిషంలో తగ్గుతుందన్న ఆశ మాత్రం పెట్టుకోవద్దు. చవక రేట్ల రూల్స్‌లో 7 రోజులో, 14 రోజులో, 21 రోజులో ముందు కొనాలని రాసి ఉంటుంది. ఆ గడువు దాటిన మర్నాడు సీట్లు ఖాళీగా ఉన్నా ఆ రేటు ఉండదు.

మీకు టైం ఉంటే ఐటీఏ మ్యాట్రిక్స్ అనే రేట్లు వెతికే సైట్ కూడా ఒకసారి తెరవండి. అది ఐటీఏ సాఫ్ట్‌వేర్ అనే కంపెనీది. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ నుంచి వచ్చినవాళ్ళు 1996లో ఆ కంపెనీ పెట్టారు, 2011లో గూగుల్ దాన్ని కొనేసి అదే ఏడాది గూగుల్ ఫ్లైట్స్ మొదలుపెట్టింది. మ్యాట్రిక్స్‌లో టికెట్ కొనలేరు, చూడటం వరకే. కానీ రేటులో అసలు ఛార్జీ ఎంత, పన్నులెంత, వైక్యూ, వైఆర్ పేర్లతో ఎయిర్‌లైన్ వేసే సర్‌ఛార్జి ఎంత అన్నది విడివిడిగా కనిపిస్తుంది. ఏ అక్షరంలో టికెట్ వస్తోందో కూడా తెలుస్తుంది.

ఏ వెతికే సైట్‌లోనూ అన్ని ఎయిర్‌లైన్లూ ఉంటాయనుకోవద్దు. అమెరికాలో అంత పెద్దదైన సౌత్‌వెస్ట్ రేట్లు 2024 దాకా గూగుల్ ఫ్లైట్స్‌లో కనిపించేవే కావు. కాబట్టి మీ రూట్‌లో ఎవరెవరు తిరుగుతారో వెతికే సైట్‌లో చూసుకుని, ఆ ఎయిర్‌లైన్ల సొంత సైట్లు కూడా తెరవండి.

పేరు వినని సైట్ గురించి. నేనైతే కొనను. ఏ తేడా రాకపోతే టికెట్ ఎక్కడ కొన్నా ఒకటే, తేడా వచ్చినప్పుడే సంగతి తెలుస్తుంది. ఫ్లైట్ రద్దయితే ఎయిర్‌లైన్ మిమ్మల్ని ఏజెంట్ దగ్గరికి పొమ్మంటుంది, ఆ ఏజెంట్ ఫోన్ ఎత్తడు. ఆ సైట్‌లో చివరి పేజీ దాకా వెళ్ళి చూడండి: బ్యాగులు కలిపారా, సీట్ల ఎంపికకి వేరేగా తీసుకుంటున్నారా, కార్డు ఛార్జీ ఉందా, రేటు మీ డబ్బుల్లోనే ఉందా వేరే కరెన్సీలో ఉందా. కరెన్సీ వేరైతే మీ బ్యాంకు మార్పిడి ఛార్జీ కూడా పడుతుంది. ఇవన్నీ కలిపాక ఎయిర్‌లైన్ సైట్‌తో పోల్చండి.

మీ అత్తగారి కోసం ఒక మాట. మధ్యలో మారే చోట గంటన్నర గ్యాప్ ఉన్నది చవగ్గా దొరికినా వదిలేసి, మూడు గంటలు ఉన్నది తీసుకోండి. వీల్‌చైర్ సాయం డబ్బు తీసుకోకుండానే ఇస్తారు, కానీ కనీసం 48 గంటల ముందు అడిగి ఉంచాలి. బుక్ చేసినరోజే అడిగేయండి.

నీలిబ్యాగు:

పాతకౌంటర్ గారు చెప్పనిది ఒకటి నేను చెప్పాలి, ఎందుకంటే ఆ దెబ్బ తిన్నాను. మధ్యలో మారే ప్రయాణాన్ని రెండు వేరువేరు ఎయిర్‌లైన్లలో విడివిడి టికెట్లుగా కొంటే చవకని చూపిస్తారు, సెల్ఫ్ ట్రాన్స్‌ఫర్ అని చిన్న అక్షరాల్లో ఉంటుంది. నేను అలాగే కొన్నాను. నాలుగు గంటల గ్యాప్ ఉంది, చాల్లే అనుకున్నాను. మొదటి ఫ్లైట్ రెండు గంటలు లేటు. దిగాక ఇమిగ్రేషన్ దాటాలి, బ్యాగు కోసం బెల్టు దగ్గర నిలబడాలి, మళ్ళీ బయటి నుంచి చెక్-ఇన్ చేసుకోవాలి. నేను కౌంటర్ చేరేసరికి మూసేసి పది నిమిషాలైంది. నీలం బ్యాగు పక్కన పెట్టుకుని ఆ మూసిన కౌంటర్ ముందు ఎంతసేపు నిలబడ్డానో. మొదటి ఎయిర్‌లైన్ మాకు సంబంధం లేదంది, రెండోది మీరు రాలేదు కాబట్టి నో-షో అంది. వెళ్ళేటప్పుడు ఎక్కలేదని అదే టికెట్‌లో ఉన్న తిరుగు ప్రయాణం కూడా రద్దు చేసేశారు. మిగిల్చిందానికి మూడింతలు పోయింది.

బయటికి వచ్చి బ్యాగు తీసుకోవాలంటే కొన్ని దేశాల్లో వీసా కూడా కావాలి. పెద్దావిడతో, పిల్లవాడితో అలాంటి టికెట్ జోలికి వెళ్ళకండి.

రెక్కలబండి:

నీలిబ్యాగు గారూ, చదివితేనే కంగారుగా ఉంది. పాతకౌంటర్ గారూ, ఒక సందేహం. మనం దిగాల్సిన ఊరు మధ్యలో వచ్చేలా ఇంకా దూరానికి టికెట్ కొని మధ్యలోనే దిగిపోతే చవక అని చెప్పే సైట్ ఉంది, స్కిప్‌లాగ్డ్ అని. అది పనికొస్తుందా?

పాతకౌంటర్:

వీళ్ళకి పనికిరాదు. చెక్-ఇన్ చేసిన బ్యాగు చివరి ఊరికి వెళ్ళిపోతుంది, మధ్యలో ఒక ముక్క వదిలేస్తే ఆ టికెట్‌లో మిగతావన్నీ రద్దవుతాయి, నీలిబ్యాగు గారికి జరిగినట్టే. ఎయిర్‌లైన్ల షరతులకి కూడా అది విరుద్ధం. స్కిప్‌లాగ్డ్ మీద అమెరికన్ ఎయిర్‌లైన్స్ వేసిన కేసులో 2024లో జ్యూరీ 94 లక్షల డాలర్లు కట్టాలని తీర్పిచ్చింది. మూడు వారాలుండి తిరిగి రావాల్సిన కుటుంబానికి ఇలాంటిది వద్దు.

దానికంటే మంచి దారి ఒకటుంది. ఆడపడుచు గారి ఊరికి దగ్గర్లో ఇంకో ఎయిర్‌పోర్టు ఉంటే అది కూడా కలిపి వెతకండి, గూగుల్ ఫ్లైట్స్‌లో ఒకేసారి కొన్ని ఎయిర్‌పోర్టులు పెట్టొచ్చు. ఒక ఊళ్ళో దిగి ఇంకో ఊరి నుంచి తిరిగి రావడానికి కూడా మల్టీ-సిటీ అని పెడితే ఒకే టికెట్ వస్తుంది. అయితే పేరు చూసి మోసపోకండి. పారిస్ బోవే అంటారు కానీ అది పారిస్‌కి 80 కిలోమీటర్ల పైనే దూరం. బస్సు ఖర్చు, మీ అత్తగారి మోకాళ్ళు రెండూ లెక్కలో వేసుకోండి.

చిన్నిఅమ్మ:

అందరికీ చాలా చాలా థాంక్స్. రాత్రి పాతకౌంటర్ గారు చెప్పినట్టు కాగితం పెట్టుకుని కూర్చున్నాను. ఒక్కరికి, ఇద్దరికి ఒకటే రేటు. ముగ్గురు అనగానే ఎగిరింది, నలుగురికీ ఆ పై రేటే. మా ఆయనకి చూపిస్తే నమ్మలేదు, తనే మళ్ళీ నాలుగుసార్లు వెతికి చూసుకున్నారు.

తేదీల పట్టికలో శుక్రవారం బదులు బుధవారం బయల్దేరితే ఇంకా తగ్గింది. బాబు స్కూలు రెండు రోజులు ఎక్కువ పోతుంది, సరే అనుకున్నాం. పేరు వినని సైట్‌లో చివరి పేజీ దాకా వెళ్ళాను. బ్యాగులు లేవు, నలుగురికీ కలిపాక ఎయిర్‌లైన్ సైట్ కంటే ఎక్కువే అయింది.

పొద్దున ఎయిర్‌లైన్ సైట్‌లోనే బుక్ చేశాం. నేను, బాబు ఒక పీఎన్ఆర్. మా ఆయన, అత్తగారు ఇంకో పీఎన్ఆర్. మధ్యలో మూడు గంటల పది నిమిషాల గ్యాప్ ఉన్నది తీసుకున్నాం. కస్టమర్ కేర్‌కి ఫోన్ చేస్తే ఇరవై నిమిషాలు లైన్‌లో ఉంచారు కానీ రెండు బుకింగ్‌లకీ నోట్ పెట్టారు. అత్తగారి వీల్‌చైర్ కన్ఫర్మ్ అయినట్టు మెయిల్ వచ్చింది. ఆవిడ పక్కనే కూర్చుని ఆ మెయిల్ రెండుసార్లు చదివించుకున్నారు.