వ్యాంపైర్ టీ.11 తనిఖీ: గంటలు తక్కువే ఉన్నాయి, ఎక్కడ మొదలుపెట్టాలి?

లైన్_మెయింటెనెన్స్:

అందరికీ నమస్కారం. బ్రిటన్‌లో ఎయిర్‌లైన్ విమానాల మీద లైసెన్స్ ఉన్న ఇంజినీర్‌గా పని చేస్తున్నాను. ఈమధ్య వారాంతాల్లో ఒక డి హావిలాండ్ వ్యాంపైర్ టీ.11ని మళ్లీ ఎగిరేలా చేసే బృందంలో చేరాను. పక్కపక్కనే రెండు సీట్లుండే శిక్షణ విమానం. చాలా ఏళ్లుగా హ్యాంగర్లోనే ఉంది. పర్మిట్ టు ఫ్లై (ఇలాంటి పాత విమానాలకు ఇచ్చే ఎగిరే అనుమతి) కోసం పూర్తి తనిఖీ మొదలుపెట్టబోతున్నాం.

లాగ్‌బుక్ ప్రకారం ఎయిర్‌ఫ్రేమ్ గంటలు, అంటే విమానం ఎగిరిన గంటలు, బాగా తక్కువ. ఓవర్‌హాల్ (పూర్తిగా విప్పి బాగుచేయడం) అయ్యాక ఇంజిన్ తిరిగింది కూడా కొద్దిగానే. అందుకే బృందంలో కొందరు "ఇది దాదాపు కొత్తదే, ముందు ఇంజిన్ స్టార్ట్ చేసి చూద్దాం" అంటున్నారు. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. నాకు అలవాటైన పని వేరు. టాస్క్ కార్డు చేతికొస్తుంది, అందులో ఉన్నట్టు చేస్తాను, సంతకం పెడతాను, విడిభాగం కావాలంటే స్టోర్స్‌లో అడుగుతాను. ఇక్కడ ఆ వసతి ఏదీ లేదు. ఇలాంటి జెట్ల మీద చెయ్యి పెట్టినవాళ్లు ఉంటే మొదట ఏం చూడాలో చెప్పండి.

టర్బైన్_అభిమాని:

మీ విమానంలో ఉండే గోబ్లిన్ జెట్ ఇంజిన్ చాలా సరళమైనది. ముందు ఒక సెంట్రిఫ్యూగల్ కంప్రెసర్, చుట్టూ 16 దహన గదులు, వెనక ఒకే దశ టర్బైన్. చేత్తో తిప్పితే ఏమీ రాసుకోకుండా తిరుగుతోందా చూడండి, బోర్‌స్కోప్‌తో (లోపలికి దూర్చి చూసే సన్నటి కెమెరా గొట్టం) టర్బైన్ బ్లేడ్లు చూడండి, ఆయిల్ ఫిల్టర్ విప్పి లోహపు రజను ఉందేమో చూడండి. ఇవి బాగుంటే సగం పని అయిపోయినట్టే. నేనైతే ఇంజిన్‌తోనే మొదలుపెడతాను.

పాత_ఫిట్టర్:

నేను దీనికి ఒప్పుకోను. ఇంజిన్‌ను చివరికి ఉంచండి. ఎయిర్‌ఫోర్స్‌లో ఇంజిన్ ఫిట్టర్‌గా చేసి, తర్వాత పాత జెట్లు చూసుకునే హ్యాంగర్లో స్థిరపడ్డవాణ్ణి నేను. ఇంజిన్ మీద ప్రేమ లేక చెప్పడం లేదు. ఇన్నేళ్లు నిలబడి ఉన్న విమానాన్ని పాడుచేసేది ఎగిరిన గంటలు కాదు, గడిచిన సంవత్సరాలు. ఆ సంవత్సరాలు ముందుగా తినేవి మూడు: సీట్ల కింది తూటాలు (ప్రమాదంలో సీటును పైలట్‌తో సహా బయటికి విసిరే మందు), చెక్క, రబ్బరు. నేను చూసే వరుస కూడా అదే.

మొదట సీట్లు. టీ.11లో తర్వాతి రోజుల్లో మార్టిన్ బేకర్ ఎజెక్షన్ సీట్లు బిగించారు. మీ విమానంలో అవి ఉంటే, లోపల తూటాలున్నాయో లేదో కాగితం మీద రుజువయ్యేదాకా ఎవరూ కాక్‌పిట్‌లో కాలు పెట్టకూడదు. "ఎప్పుడో తీసేశారట" అన్న మాట చెల్లదు. సేఫ్టీ పిన్నులు ఉన్నాయా, ఏ పిన్ను ఎక్కడ ఉండాలి, ప్రతి తూటా గడువు ఎప్పటిది, ఇవన్నీ ఆ సీటు మీద శిక్షణ ఉన్న ఆర్మమెంట్ మనిషే చూడాలి. మీరు గానీ నేను గానీ స్పానర్ పట్టుకుని దాని జోలికి పోకూడదు.

ఎందుకింత గట్టిగా చెబుతున్నానంటే, 2011లో స్కాంప్టన్ ఎయిర్‌బేస్‌లో, బ్రిటిష్ ఎయిర్‌ఫోర్స్ విన్యాసాల బృందం రెడ్ ఆరోస్‌కు చెందిన హాక్ విమానం నేల మీద ఉండగానే సీటు పేలి పైలట్ పైకి ఎగిరిపోయాడు. పారాషూట్ తెరుచుకోలేదు, మనిషి దక్కలేదు. ఒక షాకిల్ (కొక్కెం లాంటి లింకు) బోల్టును అవసరానికి మించి బిగించడం వల్ల పారాషూట్‌ను లాగాల్సిన భాగం విడిపోలేదు. వదులుగా ఉంటేనే ప్రమాదం అనుకుంటాం మనం. బిగుతు కూడా ప్రాణం తీస్తుంది. అది క్రమం తప్పకుండా సర్వీసింగ్ జరిగే విమానం. మీది ఏళ్ల తరబడి ఎవరూ తెరవనిది.

రెండోది చెక్క. వ్యాంపైర్ మొదటిసారి ఎగిరింది 1943 సెప్టెంబర్ 20న. రెక్కలు, తోకను మోసే రెండు బూమ్‌లు అల్యూమినియం అయినా, మీరు కూర్చునే గది రెండో ప్రపంచ యుద్ధపు చెక్క విమానం మస్కీటో పద్ధతిలో కట్టిన చెక్క. మధ్యలో బాల్సా అనే తేలికపాటి చెక్క, రెండు పక్కలా ప్లైవుడ్, అంతా జిగురుతో ఒకటైంది. ఎయిర్‌లైన్ నుంచి వచ్చినవాళ్లు తుప్పు కోసం వెతుకుతారు. ఇక్కడ తుప్పు పట్టని చోట కుళ్లు ఉంటుంది. నీరు కిందికి దిగి ఆగుతుంది కాబట్టి అడుగు భాగం, డ్రెయిన్ రంధ్రాల చుట్టుపక్కల, కెనోపీ (కాక్‌పిట్ మీది అద్దపు కప్పు) అంచు, లోహపు బ్రాకెట్లు చెక్కకు బోల్టు అయ్యే చోట్లు ముందు చూడండి.

చూడటమంటే కంటితో కాదు. కుండ కొనేటప్పుడు వేలితో కొట్టి విన్నట్టు, నాణెంతో అంగుళం అంగుళం తట్టుకుంటూ పోవాలి. మంచి చెక్క ఖణేల్‌మంటుంది, జిగురు వదిలిన చోట శబ్దం చచ్చిపోతుంది. అలాంటి చోట సుద్దముక్కతో గీత గీసి, తేమ మీటర్‌తో కొలిచి, రాసుకోండి. బోల్టు విప్పినప్పుడు రంధ్రం గుండ్రంగా ఉందా, కోలగా సాగిందా చూడండి. వాషర్ కింద చెక్క నలిగి గుంట పడితే బోల్టు ఎంత బిగించినా పట్టు ఉండదు. పైన కొత్త పెయింట్ మెరుస్తుంటే నాకు అనుమానం ఇంకా పెరుగుతుంది. చెక్క మీద అంటించిన బట్ట చిట్లి, ఆ చిట్లిన దాని మీదే రంగు వేసి ఉండవచ్చు.

మూడోది రబ్బరు. దీని గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. ఫ్యూయల్, హైడ్రాలిక్ హోస్‌ల మీద తయారీ తేదీ ఉంటుంది, చదవండి. తేదీ లేకపోతే, గడువు దాటితే మార్చేయండి, బాగుందా లేదా అన్న చర్చ వద్దు. బ్రేకులు గాలి ఒత్తిడితో పనిచేస్తాయి. సిస్టమ్‌ను నింపి గేజ్ రీడింగ్ రాసి, రాత్రంతా వదిలేసి, పొద్దున మళ్లీ చూడండి.

ఇంకొక మాట. "గంటలు తక్కువ" అన్నది సైనిక విమానానికి సగం లెక్కే. ఆ గంటల్లో ఎన్ని జీలు (మలుపుల్లో విమానం మీద పడే భారం, బరువుకు ఎన్ని రెట్లన్న లెక్క) లాగారు, ఎన్నిసార్లు లాగారు అన్నది మిగతా సగం. శిక్షణ విమానం మీద కుర్రాళ్లు విన్యాసాలు నేర్చుకుంటారు, గట్టిగా దింపుతారు. ఫెటీగ్ రికార్డులు (లోహం ఎంత అలిసిందో చెప్పే లెక్కలు) దొరికితే ప్రతి పేజీ చదవండి. దొరక్కపోతే రెక్కలు, బూమ్‌లు బిగించే ఫిట్టింగ్‌లలో పగుళ్లున్నాయేమో ఎన్‌డీటీతో (భాగాన్ని పాడుచేయకుండా చేసే పరీక్ష) చూడాల్సిందే.

రేడియో_ట్రేడ్:

ఫిట్టర్ గారు చెప్పినదానికి రెండు కలుపుతాను. ఆ కాలపు డయల్స్ చీకట్లో మెరవడానికి రేడియం రంగు వాడేవారు. మెరుపు ఎప్పుడో పోయి ఉంటుంది, రేడియం మాత్రం అలాగే ఉంటుంది. అద్దం పగిలిన మీటర్‌ను చేత్తో ముట్టకండి, ఏ మీటర్‌నూ బెంచీ మీద విప్పకండి. కాక్‌పిట్‌లో తిండి, టీ అసలే వద్దు. ముందు రేడియేషన్ మీటర్‌తో కొలిపించండి.

మీ టూల్‌బాక్స్ కూడా మార్చుకోవాలి. ఆ విమానంలో బీఎస్ఎఫ్, బీఏ అనే పాత బ్రిటిష్ కొలతల మరలు ఉంటాయి. మీ స్పానర్లు దాదాపు సరిపోయినట్టే అనిపించి నట్టు మూలలు కోసేస్తాయి.

లైన్_మెయింటెనెన్స్:

ఫిట్టర్ సార్, రేడియో సార్, చాలా థాంక్స్. సీట్ల కోసం అర్హత ఉన్న మనిషిని పిలిపించాం. తూటాలు లేవని ఆయన చూసి రాసిచ్చాకే లోపలికి వెళ్లాం. ఈ వారాంతం నాణెంతో తట్టడం మొదలుపెట్టాను. ఎడమ పక్క అడుగున, ఒక బ్రాకెట్ వెనక అరచేయంత చోట శబ్దం మొద్దుగా వస్తోంది. చుట్టుపక్కల కంటే తేమ రీడింగ్ కూడా అక్కడ ఎక్కువ. పైకి ఏమీ కనబడటం లేదు. ఒకాయన చిన్న రంధ్రం చేసి సన్నటి జిగురు ఎక్కిద్దామంటున్నారు. ఇంకొకాయన అది చిన్నదే కదా, ఈలోగా ఇంజిన్ రన్ కానిద్దామంటున్నారు.

పాత_ఫిట్టర్:

రెండూ వద్దు. జిగురు ఎక్కిస్తే శబ్దం బాగవుతుంది, చెక్క బాగవ్వదు. తడి బాల్సాకు జిగురు పట్టదు, పైగా తర్వాత వచ్చేవాడికి లోపం వినబడకుండా పోతుంది. ముందు నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయో పట్టుకోండి. కెనోపీ సీల్ నుంచి ఆ బ్రాకెట్ దాకా దారి వెతకండి. హీటర్ పెట్టి తొందరగా ఆరబెట్టకండి, అతిగా ఆరినా అతుకులు విడిపోతాయి. సుద్ద గీతతో సహా ఫోటోలు తీసి, మూడు నాలుగు చోట్ల రీడింగ్‌లు రాసి, బ్రాకెట్ విప్పకముందే మీ ఇన్‌స్పెక్టర్‌కు చూపించండి. మరమ్మత్తు ఎంత లోతున చేయాలో చెక్క విమానాల పని తెలిసిన మనిషి నిర్ణయించాలి.

కాగితాల పని ఇప్పుడే మొదలుపెట్టండి. సీఏపీ 632 (మాజీ సైనిక విమానాలు నడపడం మీద బ్రిటన్ పౌర విమానయాన సంస్థ పత్రం) కింద ఎవరు దేనికి బాధ్యులో మీ బృందం ఆర్గనైజేషనల్ కంట్రోల్ మాన్యువల్‌లో రాసి ఉండాలి. షోర్‌హామ్ ఎయిర్‌షోలో హంటర్ అనే పాత యుద్ధ జెట్ కూలిన ప్రమాదం మీద 2017లో వచ్చిన నివేదిక తెచ్చుకుని చదవండి. 2015లో రోడ్డు మీదున్న 11 మంది పోయారు. విమానాన్ని నడిపిన తీరే కారణమని తేలినా, నిర్వహణ గురించీ సీట్ల గురించీ అందులో చాలా ఉంది.

ఆ చెక్క సరయ్యేదాకా ఇంజిన్ తిప్పొద్దు. ఆ గది మీదే ఇంజిన్ బరువు, అదురు పడతాయి. అది అయ్యాక ఫైర్ సిబ్బందిని పక్కన పెట్టుకుని, ముందు ఇంధనం ఇవ్వకుండా స్టార్టర్‌తో తిప్పి, ఆయిల్ ప్రెషర్ వచ్చాకే స్టార్ట్ చేయండి. మొదటిసారి ఆపినప్పుడు, ఇంధనం మూసిన క్షణం నుంచి రోటర్ పూర్తిగా ఆగేదాకా ఎన్ని సెకన్లు పట్టిందో లాగ్‌లో రాయండి. తర్వాత ప్రతిసారీ దానితో పోల్చండి. ఒకసారి చప్పున తగ్గిందంటే, బేరింగ్‌లు చూసేదాకా మళ్లీ స్టార్ట్ బటన్ నొక్కొద్దు.