గోడ పడగొట్టి మరీ వెనక్కి పోయాడేంటి? (కొత్త ఎపిసోడ్ స్పాయిలర్లు ఉన్నయ్)

బ్రాడీపేట బుల్లోడు:
ఈ కామిక్ కొత్త ఎపిసోడ్ చదవనోళ్ళు ఇక్కడే ఆగిపోండి, తర్వాత నన్ను తిట్టుకోవద్దు. నాకైతే అస్సలు మింగుడు పడట్లా. నలభై ఎపిసోడ్ల నుంచి ఆ కొండకోట చుట్టూ తిష్ఠ వేసుక్కూర్చున్నాడా మన సేనాని, బయటి గోడ పడగొట్టాడు, లోపలోళ్ళు సొంత గుర్రాల్నే కోసుకు తింటన్నారని మొన్నే చూపించారు, ఇంకో పది రోజులు ఓపిక పడితే వాళ్ళే వచ్చి తలుపు తీసేవాళ్ళు, అట్టాంటిది ఒక్క రాత్రిలో గుడారాలు పీకేసి వెళ్ళిపోవడమేంటి? పైగా చేతిలో రెండు డ్రాగన్లున్నయ్. డ్రాగన్ ఉన్నోడికి అసలు గోడతో పనేంటి, పైనుంచి ఊదితే అయిపోద్దిగా. రైటర్‌కి కథ సాగదీయాలి కాబట్టి హీరోని పిరికోణ్ణి చేశాడని నా ఫీలింగ్. కాదంటే ఎట్టా కాదో చెప్పండి.

కృష్ణలంక కుర్రాడు:
బ్రో నువ్వు డైలాగులు చదివావు గానీ బొమ్మలు చూళ్ళా. గుడారాల సీన్‌లో వెనకాల కట్టేసిన గుర్రాల్ని జూమ్ చేసి చూడు, డొక్కలు లెక్కపెట్టొచ్చు, ఒకటైతే పక్క గుడారం మీద కప్పిన గడ్డి పీక్కుతింటంది. కోట లోపలోళ్ళకే కాదు బయటోళ్ళకీ ఆకలే. మామూలుగా గుర్రానికి రోజుకి పది కిలోల దాకా మేత, ముప్పై లీటర్ల దాకా నీళ్ళు కావాలి. కామిక్‌లో మూడు వేల గుర్రాలన్నారు, అంటే మేత ఒక్కటే రోజుకి ముప్పై టన్నులు, బండికి అర టన్ను వేసుకున్నా అరవై బండ్లు రోజూ రావాలి, ఆ బండ్లు లాగే ఎద్దులకి మళ్ళీ చొప్ప వేరే. చుట్టుపక్కల ఊళ్ళలో గడ్డి మొదటి నెల్లోనే అయిపోయుంటది కాబట్టి ప్రతి వారం ఇంకా దూరం నుంచి తేవాలి. ఆ ఒక్క కనుమ దారిలో నాలుగు బండ్లు ఇరుసు విరిగి ఆగితే వెనకున్నయ్యన్నీ ఆగిపోతయ్, సీజన్లో మిర్చి యార్డు ముందు లారీలు ఎట్టా నిలబడిపోతయ్యో మీ గుంటూరోళ్ళకి నేను చెప్పాలా.

ఇక డ్రాగన్ సంగతి. ఎగిరొచ్చిన రోజు దానికి రెండు ఎద్దులు మేతని మొదట్లోనే చెప్పారు. ఆ ఎద్దులెక్కడివి? బండ్లకి కట్టినయ్యే. అంటే నువ్వు డ్రాగన్‌ని ఎగరేసిన ప్రతిసారీ రేపటి తిండి తెచ్చే బండి ఒకటి ఆగిపోయినట్టే. నాకు తెగ నచ్చింది ఆ పాయింటు, మిగతా ఫాంటసీల్లో డ్రాగన్ గాలి తిని బతుకుద్ది మరి.

పటమట పిల్ల:
మేత లెక్క కరెక్టే గానీ నా ఉద్దేశంలో అసలు కారణం వాన. చివరి మూడు ప్యానెళ్ళలో ఆకాశం రంగు మార్చుకుంటా వచ్చాడు ఆర్టిస్టు, ఎవరూ పట్టించుకోలేదు.

నిజం చరిత్రే చూడండి, ఐరోపాలో వియన్నా కోటని తుర్కులు రెండుసార్లు చుట్టుముట్టారు. 1529లో వాళ్ళ సుల్తాను సులేమాన్ వచ్చాడు, వచ్చేదారి పొడుగునా వానలే, పెద్ద ఫిరంగులు బురదలో దిగబడితే కొన్ని దారిలోనే వదిలేసి రావాల్సొచ్చింది. సెప్టెంబరు చివర్లో మొదలెట్టి అక్టోబరు మధ్యకల్లా ఇక లాభం లేదనుకుని సర్దుకుని పోయాడు. అవమానమే, కాదన్ను, కానీ సైన్యం మిగిలింది, ఆ తర్వాత కూడా చాలా ఏళ్ళు యుద్ధాలు చేశాడు. అదే ఊరికి 1683లో అప్పటి సుల్తాను మంత్రి కరా ముస్తఫా వచ్చాడు. రెండు నెలలు కూర్చున్నాడు, సొరంగాలు తవ్వి గోడలు పేల్చాడు, నీలాగే ఇంకో పది రోజులు అనుకున్నాడు. వీపు వైపు మాత్రం గట్టి కందకం గానీ గోడ గానీ పెట్టుకోలా. సెప్టెంబరు 12న పోలండ్ రాజు సోబియెస్కీ వాళ్ళు కొండ మీంచి దిగి మొత్తం తుడిచిపెట్టేశారు, గుడారాలతో సహా వదిలేసి పారిపోయారు. సుల్తాను ఆ ఏడాదే ముస్తఫాని చంపించేశాడు కూడా. మన సేనానికి వెనక లోయలోంచి ఇంకో సైన్యం వస్తందని గూఢచారి చెప్పి మూడు ఎపిసోడ్లయింది కదా. వాడు పోకుండా ఉంటేనే నేను రైటర్‌ని తిట్టేదాన్ని.

బ్రాడీపేట బుల్లోడు:
అక్కా ఒప్పుకుంటా గానీ సగమే. గోల్కొండ దగ్గర ఔరంగజేబు వెనక్కి పోయాడా? 1687లో ఎనిమిది నెలలు కూర్చున్నాడు, వానలకి వాగులు పొంగి తిండి బండ్లు రాలా, సైన్యంలో కరువు, వాళ్ళు తవ్విన సొరంగాల్లో మందుగుండు పేలి వాళ్ళ మీదే వచ్చి పడింది. అయినా కదల్లేదు. ఆఖరికి లోపలోడే ఒకడు లంచం పుచ్చుకుని చిన్న తలుపు తీశాడు, అంతే. కూర్చున్నోడికే కోట దక్కింది. ఉదయగిరి దగ్గర కృష్ణదేవరాయలు కూడా అంతే, ఏడాదిన్నర ఆగాడు, కొండ ఎక్కడానికి బండలు కొట్టించి తోవ వేయించాడని ఆ పోర్చుగీసు నూనిజ్ రాసిపెట్టాడు. ఆ తర్వాతే కదా 1515లో మన కొండవీడు, దాని వెనకే కొండపల్లి పడింది. మధ్యలో లేచిపోయుంటే ఏ కోటా వచ్చేది కాదు.

చాంతాడు:
బాబాయ్ రాయలకీ ఔరంగజేబుకీ వెనకనించి వచ్చి కొట్టేంత బలగం ఎవరికీ లేదు, తేడా అక్కడుంది. ఒడిశా రాజు గజపతి సైన్యం ఉదయగిరిని విడిపించడానికి వచ్చినా రాయల ముందు నిలబళ్ళేకపోయింది. మన సేనాని అట్టా కాదు, ముందు కోట వెనక సైన్యం, ఇరుక్కుపోయాడు.

నేను అసలు ఎక్కడికి వస్తన్నానంటే, ఈ ఎపిసోడ్ చదవంగానే నాకు ఓరుగల్లు గుర్తొచ్చింది. ఉలుగ్ ఖాన్, తర్వాత మహమ్మద్ బిన్ తుగ్లక్ అయ్యాడే ఆయన, మొదటిసారి వచ్చి చుట్టుముట్టినప్పుడు బయట మట్టికోట, కందకం, లోపల రాతికోట, అన్నీ దాటుకుంటా బాగానే బిగించాడు. ఈలోగా ఢిల్లీ నుంచి టపా ఆగిపోయింది. సుల్తాను చచ్చిపోయాడని పుకారు లేచింది. దాంతో సరదార్లు ఎవడి దారి వాడు చూసుకున్నారు, సైన్యం చెల్లాచెదురు, కాకతీయులు బయటికొచ్చి తరిమి తరిమి కొట్టారు. ఎట్టాగో దేవగిరికి పోయి పడ్డాడు. ఇక్కడ ప్రతాపరుద్రుడు పీడ వదిలిందనుకుని ధాన్యం కొట్లు తెరిచి జనానికి పండగ చేయించాడంటారు. ఉలుగ్ ఖాన్ కొన్ని నెలల్లోనే కొత్త బలగంతో తిరిగొచ్చాడు, ఈసారి తెలివిగా దారిలో బీదరు, బోధన్ కోటలు ముందు పట్టుకుని వెనక దారి భద్రం చేసుకుని మరీ వచ్చాడు. కొట్లలో తిండి లేదు. 1323లో ఓరుగల్లు పోయింది, దాంతోటే కాకతీయులూ పోయారు.

కాబట్టి బుల్లోడా, వెనక్కి పోవడం తప్పా ఒప్పా అని కాదు అడగాల్సింది, ఎట్టా పోయాడు, పోయినాక కోటలోళ్ళు ఏం చేశారు అని. ఉలుగ్ ఖాన్ మొదటిసారి పోయింది పారిపోవడం, వరసా పాడూ లేదు, అందుకే చావు దెబ్బ తిన్నాడు. మన సేనాని పోయిన తీరు మళ్ళీ చూడు. చీకటి పడ్డాక మొదట గాయాలోళ్ళని పంపాడు, తర్వాత బండ్లు, చక్రాలకి గోనెపట్టాలు చుట్టించాడు చప్పుడు రాకుండా. గుడారాల దగ్గర నెగళ్ళు మాత్రం తెల్లారిందాకా మండుతానే ఉన్నయ్, ఒక ముసలి సిపాయి ఒక్కడే ఇటునుంచి అటు పరిగెత్తుకుంటా కట్టెలేస్తన్నాడు, మాటల్లేని ఆ పేజీ మొత్తం వాడిదే, ఈ కామిక్‌లోనే బెస్ట్ పేజీ నన్నడిగితే. ఆఖర్న విలుకాళ్ళు, కనుమ మూతి దగ్గర నిలబడి మిగతావాళ్ళు దాటిందాకా కాపలా. భయపడి పరిగెత్తేవోడికి ఇంత పద్ధతి ఉంటదా?

నన్నడిగితే రైటర్ తప్పు ఇంకోటి ఉంది, ఎవరూ అనట్లేదు. తెల్లారి చూసి కోటలోళ్ళు ఊరికే గోడెక్కి కేకలేశారేంటి? కనీసం యాభై మంది గుర్రాలోళ్ళని పంపి తోక కొట్టొచ్చుగా.

కృష్ణలంక కుర్రాడు:
గుర్రాలు తినేశారుగా అన్నా 😂 దేనిమీద పోతారు?

చాంతాడు:
హహ, అదీ కరెక్టే. సరే ఆ తప్పు కొట్టేయండి. అయినా పడిన గోడ కట్టుకోకుండా కోట రాణి విందు ఏర్పాట్లు చేస్తంది చూశారా చివర్లో, దండోరా వేయించి మరీ. నాకు భయమేస్తంది ఆవిడ గురించి.

పటమట పిల్ల:
ఇంకోటి గమనించారా, పెద్ద గోడకొట్టుడు యంత్రాన్ని తగలబెట్టాడు, రాళ్ళ కుప్పలు వదిలేశాడు, గుడారాలు కూడా సగం వదిలేశాడు. కానీ నిచ్చెనలు మాత్రం ఒక్కటి కూడా వదల్లేదు, ఆఖరి నాలుగు బండ్ల నిండా అవే. ఇంటికి పోయేవాడికి కోట ఎక్కే నిచ్చెనలెందుకు?

బ్రాడీపేట బుల్లోడు:
దారిలో వంటచెరకుకి అయ్యుంటది అక్కా 😅 సరే, శుక్రవారం ఎపిసోడ్‌లో సేనాని తిరిగి రాకపోతే మాత్రం చాంతాడు బాబాయ్ మనందరికీ బిర్యానీ పెట్టాలి, వస్తే నేను పెడతా. డ్రాగన్ విషయంలో మాత్రం నేను తగ్గను, ఒక్కసారి ఎగరేస్తే ఎద్దులు పోతే పోయినయ్ గానీ కోట వచ్చేది.